మా ఇంటి గోడ మీది మ్యాపు పుట్టిన ఊరు: నాన్నతో ఎడిన్‌బరాలో మూడు రోజులు

మా నాన్న తెనాలి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పారు. మా ముందుగదిలో దేవుడి క్యాలెండర్ పక్కన ఒక పాత ఇండియా మ్యాపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. మడతల దగ్గర చిరిగితే అమ్మ వెనక పాత పంచె ముక్క అతికించింది. దాని కింద మూలన ‘జాన్ బార్తొలొమ్యూ అండ్ సన్, ఎడిన్‌బరా’ అని చీమతలకాయంత అక్షరాలు. కిందటి మే నెలలో నాన్న ఇంగ్లండ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు ఏం చూస్తారని అడిగాను. “ఆ మ్యాపు వేసినవాళ్ల ఊరు చూపిస్తావా అమ్మాయ్” అన్నారు. ఇంకో ఊరి పేరే ఎత్తలేదు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌కి రైల్లో సుమారు నాలుగున్నర గంటలు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి, ఆఖరి వారంలో చూస్తే రేటు గుండె ఆగేంత ఉంటుంది. అరవై దాటినవాళ్లకి సీనియర్ రైల్‌కార్డ్ మీద మూడో వంతు తగ్గుతుంది. మన ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా పాస్‌పోర్ట్ చూపించి తీసుకోవచ్చు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. వెళ్లేటప్పుడు కుడివైపు సీట్లు తీసుకోండి, న్యూకాసిల్ దాటాక సముద్రం అటే కనిపిస్తుంది.

బస విషయంలో మొదటి రాత్రి దెబ్బ తిన్నాం. స్టేషన్‌కి దగ్గర అని ఒక చోట బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళితే పనిచేయడం లేదు. నాలుగు అంతస్తులు, మెలికలు తిరిగే రాతిమెట్లు, డెబ్బై రెండేళ్ల నాన్న మోకాళ్లు. కౌంటర్‌లో అబ్బాయి సారీ అన్నాడు, కింద గది అడిగితే లేదన్నాడు. డబ్బు వదులుకుని మర్నాడే ఊరికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ పేట వైపు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. కింద గది, వాకిట్లోనే బస్సు, రాత్రికి 95 పౌండ్లు. మేం శాకాహారులమని ఒక్కసారే చెప్పాం. మర్నాడు ఆవిడ మా కోసం విడిగా పెనం పెట్టి పుట్టగొడుగులు, బీన్స్, బంగాళాదుంప రొట్టె వేయించి ఇచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే కోట పక్కన ఉండాలన్న మోజు మానుకుని ఈ దక్షిణం వైపే దిగమంటాను. సిటీ బస్సుల్లో కార్డు తాకిస్తే చాలు, చిల్లర వెతుక్కునే పని లేదు. ఆగస్టులో మాత్రం వద్దు. అది ఆ ఊరి కళోత్సవాల నెల కాబట్టి గదుల ధరలు రెండింతలు దాటతాయి.

న్యూయింగ్టన్‌లో దిగడానికి ఇంకో కారణం ఉంది. బార్తొలొమ్యూ వాళ్ల పాత అచ్చు కార్యాలయం ఉన్న డంకన్ స్ట్రీట్ అక్కడికి నడక దూరం. మామూలు ఇళ్ల వీధి. మధ్యలో హఠాత్తుగా గుడి ముఖద్వారంలా పొడవాటి స్తంభాల వరస. ఈ ముందుభాగం ఒకప్పుడు ఇదే ఊళ్లో మార్నింగ్‌సైడ్ పేటలో ఉండిన ఫాల్కన్ హాల్ అనే పాత భవంతిది. కంపెనీ యజమాని జాన్ జార్జ్ బార్తొలొమ్యూ ఆ ఇంట్లో కాపురం ఉన్నాడు. దాన్ని పడగొట్టినప్పుడు స్తంభాలు పారేయడానికి మనసొప్పక, 1911లో కట్టిన కొత్త కార్యాలయానికి తెచ్చి పెట్టుకున్నాడు. ఇప్పుడు అందులో కాపురాలున్నాయి, లోపలికి వెళ్లడానికి ఉండదు. నాన్న పేవ్‌మెంట్ మీద నిలబడి చాలాసేపు చూశారు. “ఇక్కడేనా మన కృష్ణానదిని గీసింది” అన్నారు.

వంశం కథ దారి పొడవునా ఆయనే చెప్పారు. జార్జ్ బార్తొలొమ్యూ రాగిరేకుల మీద మ్యాపులు చెక్కే పనివాడు. కొడుకు జాన్ 1826లో సొంతంగా పని మొదలుపెట్టాడు. రాగిరేకు మీద ఊళ్ల పేర్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. తప్పు పడితే రేకు వెనక నుంచి సుత్తితో మెల్లగా కొట్టి, ఆ చోటు పైకి లేపి, నున్నగా చేసి మళ్లీ చెక్కడమే. జార్జ్ మనవడు, అంటే ఆ జాన్ కొడుకు, ఆయన పేరూ జానే, లండన్‌లో జర్మన్ మ్యాపుల నిపుణుడు పీటర్మన్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. పల్లానికి ఆకుపచ్చ, ఎత్తు పెరిగేకొద్దీ గోధుమ రంగు వేసే పద్ధతిని 1878లో పారిస్ ప్రదర్శనలో చూపించింది ఈయనే. ఈ ఆలోచన అంతకుముందే యూరప్‌లో కొందరికి ఉంది. కానీ మామూలు జనం కొనుక్కునే మ్యాపుల్లోకి దాన్ని దించింది ఈ కంపెనీయే. 1880లో ఇంగ్లండ్‌లోని సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్ మీద వచ్చిన గైడులో మొదలుపెట్టి బ్రిటన్ అంతటికీ వేశారు.

రంగుల మ్యాపుల్ని నున్నటి రాతిపలకల మీద నుంచి అచ్చు వేసేవాళ్లు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. కాగితం ప్రతి రాయి మీదా విడిగా అచ్చు పడాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఆకుపచ్చ సముద్రంలోకి కారుతుంది. నాన్న ముప్పై ఏళ్లు “ఆకుపచ్చ మైదానం, గోధుమరంగు పీఠభూమి” అని పిల్లల చేత వల్లె వేయించారు. ఆ రంగుల వెనక ఇంత చాకిరీ ఉందని ఆయన రిటైరయ్యాకే చదివారట.

నాలుగో తరం జాన్ జార్జ్‌ది పెద్ద చేయి. 1884లో రాయల్ స్కాటిష్ జియోగ్రఫికల్ సొసైటీ స్థాపనలో ముందున్నాడు. ‘అంటార్కిటికా’ అన్న పేరు మ్యాపుల్లో స్థిరపడటానికి కారణం ఆయనేనంటారు. సైకిళ్ల మీద ఊళ్లు తిరిగే క్లబ్బువాళ్లు రోడ్ల తప్పులు రాసి పంపితే మైలు దూరాన్ని అరంగుళంలో చూపే మ్యాపుల్ని సరిదిద్దేవాళ్లు.

మా యాత్రలో అన్నిటికన్నా గొప్ప పూట నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్‌లో గడిచింది. కంపెనీ దస్తావేజులన్నీ ఇప్పుడు అక్కడే ఉన్నాయి. మేం ఏం చూడాలో ముందే మెయిల్ రాశాం. పేరు నమోదుకి డబ్బు తీసుకోరు, గుర్తింపు కాగితం కావాలి. లోపలికి పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిల్ మాత్రమే. మేం అడిగింది బ్రిటిష్ ప్రభుత్వం దేశంలోని ఊళ్లు, జిల్లాల వివరాలతో వేసిన ఇంపీరియల్ గెజెటీర్ ఆఫ్ ఇండియా 26వ సంపుటం, 1909 నాటి అట్లాస్. ఆ మ్యాపులు బార్తొలొమ్యూ వాళ్లే తయారుచేశారు. లైబ్రరీ అమ్మాయి స్పాంజి దిమ్మల మీద పుస్తకం ఆనించి, పేజీ లేవకుండా గుడ్డలో కుట్టిన పొడుగాటి బరువు పెట్టి, ఎలా తిప్పాలో నాన్నకి ఓపికగా చూపించింది.

మద్రాసు ప్రెసిడెన్సీ పేజీ వచ్చింది. బెజవాడ, కొకనాడ, విజగపట్నం, అన్నీ అప్పటి స్పెల్లింగులే. నాన్న భూతద్దం పట్టుకుని వంగారు. వేలు కాగితానికి తగలకుండా పైనే కదుపుతూ కృష్ణ వెంట కిందికి దిగారు, బెజవాడ దగ్గర ఆగారు, అక్కడి నుంచి డెల్టా వైపు తిరిగారు. నోట్లో ఊళ్ల పేర్లు వరసగా గొణుక్కుంటున్నారు. తర్వాత భాషల మ్యాపు తెరిచాం. అందులో తెలుగు దేశం ఒకే ముక్కగా ఒకే రంగులో ఉంది. ప్రెసిడెన్సీ, నిజాం రాజ్యం సరిహద్దుల్ని దాటుకుని పరుచుకుని ఉంది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఏమీ అడగలేదు.

బార్తొలొమ్యూ కంపెనీ 1980లో రీడర్స్ డైజెస్ట్ చేతికి, 1985లో న్యూస్ ఇంటర్నేషనల్ అనే పత్రికల సంస్థ చేతికి వెళ్లింది, 1989లో కాలిన్స్ అనే పుస్తకాల ప్రచురణ సంస్థతో కలిసింది. 1995లో డంకన్ స్ట్రీట్ మూతపడి పని గ్లాస్గో పక్కకి పోయింది. వాళ్లు తయారుచేస్తూ వచ్చిన ప్రపంచ పటాల పుస్తకం, టైమ్స్ అట్లాస్, ఇప్పటికీ వస్తోంది. అంతదూరం వెళ్లలేనివాళ్లు ఆ లైబ్రరీ సైట్‌లో వేలకొద్దీ పాత మ్యాపులు ఉచితంగా చూడొచ్చు.

మూడో రోజు నేషనల్ మ్యూజియం చూశాం. ప్రవేశం ఉచితం, లిఫ్టులు, కుర్చీలు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకి హాయి. తిరిగొచ్చాక లండన్‌లో స్టాన్‌ఫర్డ్స్ దుకాణానికీ వెళ్లాం. 1853 నుంచి మ్యాపుల వ్యాపారంలో ఉన్న పేరు, 1901 నుంచి లాంగ్ ఏకర్‌లో ఉండి 2019లో పక్కనే మెర్సర్ వాక్‌కి మారింది. కొనుక్కోవడానికి చక్కని చోటు. కానీ ఎడిన్‌బరాలో ఆ పేజీ ముందు కూర్చున్న పూటకి అది సాటి రాదు.

నాన్న కొనుక్కున్నది ఒక్కటే. ఎడిన్‌బరాలో వెస్ట్ పోర్ట్ దగ్గర పాత పుస్తకాల షాపులో గుడ్డ అంటించిన బార్తొలొమ్యూ మ్యాపు, 8 పౌండ్లు. తిరుగు రైల్లో దాన్ని ఒళ్లో పరుచుకుని, రైలు గీత వెంట వేలు జరుపుకుంటూ వచ్చారు. బెర్విక్ దగ్గర ట్వీడ్ నది మీద వంతెన ఎక్కేసరికి “ఇదిగో, ఇక్కడున్నాం” అని కిటికీ వైపు, మ్యాపు వైపు మార్చి మార్చి చూపించారు. ఎదురు సీట్లో కూర్చున్న స్కాటిష్ పెద్దాయన లేచి వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. న్యూకాసిల్ దాకా ఇద్దరూ ఆ మ్యాపు మీదే ఉన్నారు.