ఎగువన గని, దిగువన చేప: ఏ తలుపు తట్టడం మేలు?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తవ్వే గనుల నీళ్లు దిగువన మోంటానాకి, అలాస్కాకి దిగుతాయి. అమెరికా వైపున్న ఆదివాసీ జాతులకి ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది 1909 సరిహద్దు జలాల ఒప్పందం. ఒక దేశం నీళ్లు పాడుచేసి అవతలి దేశపు ఆరోగ్యానికి, ఆస్తికి హాని చేయకూడదని నాలుగో అధికరణం. చిక్కేమిటంటే, ఈ ఒప్పందం కింద ఏర్పడ్డ రెండు దేశాల ఉమ్మడి సంస్థ, అంతర్జాతీయ సంయుక్త కమిషన్, జాతులు అడిగినంత మాత్రాన విచారణ మొదలుపెట్టదు, ప్రభుత్వాలే విషయాన్ని దానికి పంపాలి. బ్రిటిష్ కొలంబియాలోని ఎల్క్ లోయ బొగ్గు గనుల మీద క్టునాహా జాతి 2012 నుంచి అడిగితే 2024 మార్చిలో ప్రభుత్వాలు కదిలాయి. వచ్చేది సిఫారసే. అయినా లెక్కలు రెండు దేశాల ముందూ ఉంటాయి.

ఆ లెక్కల్లోనే అసలు పని. గనుల వ్యర్థపు రాతిగుట్టలకి వాన, గాలి తగిలి, మోతాదు మించితే విషమయ్యే సెలీనియం అనే మూలకం కరిగి, సరిహద్దుకి రెండు వైపులా ఉన్న కూకనూసా జలాశయానికి చేరుతుంది. దానికి మోంటానా 2020లో పెట్టిన హద్దు లీటరుకు 0.8 మైక్రోగ్రాములు. నీళ్లలో ఇంత కొంచెమే కనిపించేది నాచులో, పురుగులో, చేపలో పేరుకుంటూ గుడ్డుకి చేరుతుంది, చేపపిల్లలు వంకర వెన్నుతో పుడతాయి. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ 2016 ప్రమాణంలో గుడ్డుదే పైచేయి: ఎండు బరువు కిలోకి 15.1 మిల్లీగ్రాములు. గుడ్లు పండిన ఆడచేపల్ని, అవి పెట్టకముందే పట్టి పరీక్షించాలి. ఒట్టి నీటి సీసాలు పట్టుకెళ్తే వాదన సగమే.

రెండోది అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్. అలాస్కా జాతుల కూటమి 2020 డిసెంబరులో అక్కడికే వెళ్లింది. కెనడా అమెరికన్ మానవ హక్కుల ఒడంబడికను ఆమోదించలేదు కాబట్టి కేసు ఆ వ్యవస్థలోని కోర్టు దాకా పోదు. పరువు ఒత్తిడికి పనికొస్తుంది, అంతే.

మూడోది ఆదివాసీ హక్కుల్ని కాపాడే కెనడా రాజ్యాంగం 35వ సెక్షన్. ఆ హక్కులకి దెబ్బ తగిలే నిర్ణయం తీసుకునే ముందు ప్రభుత్వం ఆ జాతిని సంప్రదించాలి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే సినైక్స్ట్ జాతి వేటగాడు డిసోటెల్ 2010లో సరిహద్దు దాటి, ఎల్క్ అనే పెద్ద జింకని వేటాడి చంపాడు. 2021లో అతని కేసులో కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఆ వేట హక్కు నిలబెట్టింది. అయితే సరిహద్దు అవతలి జాతుల్ని సంప్రదించడానికి ప్రభుత్వం వెతుక్కుంటూ రానక్కర్లేదు, తమ హక్కు ఫలానా అని వాళ్లే ముందు తెలియజేయాలి అనీ అంది.

కాబట్టి ఇంకా తవ్వని గనికైతే మూడోదే మేలు. పూర్వీకులు వాడిన చోట్ల పటాలు, చేపలు పట్టే రేవుల వివరాలు జతచేసి, అనుమతి ఇచ్చేలోపే లేఖ పంపాలి. నీళ్లు ఇప్పటికే చెడితే మొదటిది, గుడ్ల లెక్కలతో.