కళింగపట్నం, బారువ... మధ్యలో నా కళ్ళజోడు

కళింగపట్నంలో నా కళ్ళజోడు పాడైంది సముద్రం వల్ల కాదు, నా తువ్వాలు వల్ల. అల తుంపర అద్దాల మీద పడితే అలవాటుగా గట్టిగా తుడిచేశాను. ఉప్పునీళ్ళు ఆరితే మిగిలేది ఉప్పు పలుకులే కదా, వాటికి తువ్వాల్లోని ఇసుక తోడైంది. ఎడమ అద్దం మీద పిల్లి గీరినట్టు మూడు గీతలు.

మేం దిగింది శ్రీకాకుళం టౌన్లో లాడ్జి. గది మామూలే, దుప్పట్లు మాత్రం శుభ్రం. పొద్దున్నే అరసవల్లిలో సూర్యుడికి దండం పెట్టుకుని, అదే సూర్యుడి కింద మాడటానికి కళింగపట్నం వెళ్ళాం! బీచ్ పక్కనే ఉండుంటే సూర్యోదయం దొరికేది కానీ, సాయంత్రం కళ్ళద్దాల షాపు దొరికేది కాదు. షాపాయన జోడు చూసి, "ఉప్పుతోనే తుడిచేసినారేటి బాబూ? ముందు మంచినీళ్ళతో కడగాల కదా" అన్నాడు. వదులైన మర బిగించి డబ్బులు వద్దన్నాడు. గీతలు మాత్రం ఇక పోవట. కడిగాక చుక్క గిన్నెల సబ్బు రాసి, మళ్ళీ కడిగి, మెత్తటి గుడ్డతో అద్దాలే కాదు, మర ఉన్న చోట తడి కూడా తుడవమన్నాడు. లేకపోతే తుప్పు.

మా బావమరిది బీచ్‌లో బండి మీద 150 రూపాయలకి నల్లటి కూలింగ్ గ్లాసులు కొన్నాడు. యూవీ 400 అని స్టిక్కర్ ఉంది. అంటే 400 నానోమీటర్ల దాకా అతినీలలోహిత కిరణాలు ఆపాలి. స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు. ఆ రక్షణ లేని నల్ల అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది, ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. షాపులో యూవీ కొలిచే మీటర్ ఉంటే అద్దాలు దాంతో చూపించుకోవడం మేలు. నీటి మెరుపు తగ్గాలంటే పోలరైజ్డ్ కావాలి, కానీ పోలరైజ్డ్ అయినంత మాత్రాన యూవీ ఆపుతుందని కాదు.

మర్నాడు సోంపేట దగ్గరి బారువ బీచ్‌కి. ప్రయాణం ఎక్కువే. కానీ కొబ్బరిచెట్ల నీడ ఉంది, జోడు పెట్టెలో పెట్టి ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే అద్దాల పూత దెబ్బతింటుంది. లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు చూడాలంటే కళింగపట్నమే. పిల్లలతో రోజంతా గడపాలంటే నా ఓటు బారువకి.

నీళ్ళలోకి దిగేముందు నా జోడుకి తాడు కట్టుకున్నాను. బావమరిది కట్టుకోలేదు. రెండో అలకే 150 రూపాయలూ పోయాయి. నేను పెద్దగా వెతకలేదు.