పళ్ళకి క్లిప్పులు, మన గోదావరి తిండి: రెండేళ్ళు దాటిన అనుభవం

క్లిప్పులు వేసిన రోజు ఆసుపత్రిలో ఒక కాగితం చేతిలో పెట్టారు. తినకూడనివి: పాప్‌కార్న్, పిజ్జా అంచు, చూయింగ్ గమ్, టాఫీ. రాజోలు పక్క పల్లెలో ఉండే మనిషికి వీటిలో ఏది రోజూ ఎదురవుతుంది చెప్పండి? అరిసె మాట లేదు, తేగ మాట లేదు, పనసపొట్టు కూర ఊసే లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నావి మామూలు మెటల్ క్లిప్పులు, పైనా కిందా రెండు వరసలకీ. రెండేళ్ళు దాటాక ఈమధ్యే తీయించుకున్నాను.

ముందు అసలు సంగతి. గట్టివి కొరికితే క్లిప్పు ఊడుతుంది. ఇబ్బందే. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్ళి అతికించుకు రావాలి, ఒక రోజు సెలవు పోతుంది. అంతటితో సరి. మెత్తటి తీపి అలా కాదు. క్లిప్పు చుట్టూ చేరిన తీపిని నోట్లోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది, దానికి పంటి పైపొరలోని ఖనిజం కరుగుతుంది. క్లిప్పులు తీశాక కొంతమంది పళ్ళమీద సుద్దతో గీసినట్టు తెల్ల మచ్చలు కనపడేది అందుకే. కాలంతో కొంత తగ్గొచ్చు గానీ పూర్తిగా పోవడం కష్టం. అంచేత నేను గట్టివాటికి కాదు, మెత్తటి తీపికే ఎక్కువ భయపడ్డాను.

మా ఇంట్లో ఇది అర్థం చేయించడానికే ఎక్కువ కష్టపడ్డాను. "మెత్తగానే ఉంటదమ్మా, నోట్లో ఏసుకుంటే కరిగిపోద్ది" అంటారు మా అత్తయ్యగారు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ముందుకు తోస్తూ. కరిగిపోతుంది, నిజమే. కానీ తడిసిన రేకు క్లిప్పులని కలిపే వైరుకి అంటుకుని, లోపలి బెల్లం పొడి అక్కడే నానుతూ ఉంటుంది. జీడిపప్పు, బాదం వేసిన రకమైతే ఆ పలుకులు ఇంకో గొడవ. అలాగని నేను పూతరేకులు మానలేదు. భోజనం చివర ఒకటి తిని, నీళ్ళు బాగా పుక్కిలించేదాన్ని. సాయంత్రం టీవీ ముందు ఒక్కొక్కటే తినడం మాత్రం పూర్తిగా మానేశాను. ఎంత తీపి తిన్నామన్నదే కాదు, రోజులో ఎన్నిసార్లు తిన్నామన్నది పళ్ళకి చాలా ముఖ్యం. తిన్న ప్రతిసారీ ఆమ్లం పుడుతుంది, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. తాపేశ్వరం కాజాదీ ఇదే లెక్క, పాకం జిగురు అదనం. బేకరీ కేకు, టీలో ముంచిన బిస్కెట్లు కూడా ఈ కోవలోవే. వాటిని ఎవరూ అనుమానించరు.

సంక్రాంతికి అరిసెలు, గోరుమీటీలు, జంతికలు, చెరుకు ముక్కలు పక్కన పెట్టాను. జంతికని పాలల్లో నానబెట్టుకోమని ఒకరు సలహా ఇచ్చారు. చేసి చూశాను. అంత బాధపడి తినేంత వస్తువు కాదది. సున్నుండ పర్వాలేదు. మినపరొట్టెకి అడుగున మాడిన చెక్క తీసేసి లోపలి మెత్తటి భాగం తినొచ్చు, చెరుకు పానకం మాత్రం పలచగా.

తేగలు ఉడికించినా సరే, వద్దు. ఆ పీచు వైరులో చిక్కుకుంటే అద్దం ముందు నిలబడి లాగుకోవాలి. పనసపొట్టు కూరదీ అదే గోల, పైగా అందులో ఆవపెట్టిన ముద్ద. వేసవిలో తాటి ముంజలు మాత్రం దేవుడిచ్చిన వరం. లేత కొబ్బరీ అంతే. ముదురు కొబ్బరి ముక్క కొరకొద్దు, పచ్చడి చేసుకోండి.

ఆవకాయలో ముక్కకి టెంక ఉంటుంది కాబట్టి దాని జోలికి వెళ్ళకుండా, ఊట ఒక్కటే ముద్దపప్పూ నెయ్యితో కలుపుకుంటే ఏ లోటూ తెలియదు. ఒక హెచ్చరిక: క్లిప్పుల చుట్టూ వేసే చిన్న రబ్బర్లు తెల్లవి గానీ రంగులేనివి గానీ అడక్కండి. పసుపు వేసిన పులుసు తిన్నాక అవి పచ్చగా తేలతాయి. బూడిద రంగో ముదురు నీలమో నయం.

చేపల దగ్గర మావాళ్ళకి నచ్చని మాట ఒకటి చెప్పాలి. క్లిప్పులున్నన్నాళ్ళూ పులస వద్దు. కండ మెత్తగానే ఉంటుంది, కానీ ఆ సన్న ముళ్ళని నాలుకతో తీద్దామంటే వైరు అడ్డం. అంత ధర పెట్టి కొన్న చేపని భయపడుతూ తినడం ఎందుకు? కొరమేను, పండుగప్ప హాయి, ముళ్ళు తక్కువ. రొయ్యలు వేపుడు కన్నా ఇగురు మేలు. పీత కాళ్ళు ఎవరైనా కొట్టి, కండ తీసి పెడితేనే. వైరు బిగించిన రెండు మూడు రోజులు నొప్పికి చాలామంది ఇడ్లీ, పెరుగన్నంతో గడిపేసి అదే అలవాటు చేసుకుంటారు, నీరసపడతారు. ఉడికించిన గుడ్డు, పప్పు, చేప ఆ రోజుల్లోనూ తినొచ్చు, వేళ్ళతో మెదిపి. చల్లటి మజ్జిగ పుక్కిట పట్టి ఉంచితే హాయిగా ఉంటుంది. మొదట్లో వేసే నికెల్-టైటానియం వైరు చల్లదనానికి కాసేపు మెత్తబడుతుందట.

ఇక కొన్న సామాన్లు. అన్నిటికన్నా పనికొచ్చింది వైరు కిందా సందుల్లో దూర్చే సన్న బ్రష్షు. ప్యాకెట్టు రెండు వందల లోపే, ఒక్కో బ్రష్షు వంగిపోయేదాకా చాన్నాళ్ళు వస్తుంది. దాన్నీ ఒక చిన్న అద్దాన్నీ బ్యాగులోనే ఉంచేదాన్ని. క్లిప్పులున్నవాళ్ళ కోసం మధ్యలో పల్లంగా చేసే ఆర్థో బ్రష్షు బాగుంది గానీ, మామూలు మెత్తటి బ్రష్షుని పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి వాలుగా పట్టి తోమినా దాదాపు అంతే శుభ్రం. రెండు వేల పైన పోసి కొన్న నీటి పిచికారీ మెషీన్‌కి నా మార్కులు తక్కువే. మెతుకులు, ఆకుకూర పోతాయి, పంటికి పట్టిన పాచి పోదు. అది బ్రష్షుతోనే పోవాలి. పైగా మా బోరు నీళ్ళు ఉప్పన, దానికి కూడా టిన్ను నీళ్ళే వాడాల్సి వచ్చింది. మెషీన్ ఉందని తోమడం తగ్గించేవాళ్ళు అసలు కొనకపోవడమే మంచిది.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టు తప్పనిసరి, వెనక అట్టమీద 1000 పీపీఎం లేదా ఆపైన ఉందేమో చూసుకోండి. రాత్రి తోమాక ఉమ్మేసి వదిలేయండి, నీళ్ళతో మరీ కడిగేస్తే ఫ్లోరైడ్ కూడా పోతుంది. చింతపండు పులుసో నిమ్మరసమో పడ్డాక వెంటనే తోమకుండా, నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగండి. కొబ్బరినూనె పుక్కిలించమని మా ఊళ్ళో చాలామంది చెప్పారు. ఇష్టమైతే చేసుకోండి, తోమడం బదులు మాత్రం కాదు. వైరు బుగ్గకి గుచ్చుకుంటే ఆసుపత్రిలో ఇచ్చే మైనం ఉండ చేసి అద్దుకోవడమే, ఆ చోటుని తుడిచి పొడిగా చేస్తేనే అంటుకుంటుంది.

ఇప్పుడు రిటైనర్ వాడుతున్నాను, సర్దుకున్న పళ్ళు మళ్ళీ పక్కకి జరక్కుండా పెట్టుకునే తొడుగు. తినేటప్పుడు తీసేయొచ్చు కాబట్టి అరిసెకి అడ్డం లేదు. వేణ్ణీళ్ళతో కడగకూడదు, ఆకారం పాడవుతుంది. పెళ్ళి భోజనానికి వెళ్తే దాని డబ్బా మర్చిపోకండి. టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెడితే, ఆకులు ఎత్తే కుర్రాళ్ళు దాన్నీ కలిపి ఎత్తేస్తారు.