నీడ్ బ్లైండా, నీడ్ అవేరా? చేతిలో డబ్బు లేని పిల్లలకు అమెరికా కాలేజీల్లో ఏది మేలు?

పోయిన వేసవిలో, ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయిన ఒక అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకున్న లిస్టు తెచ్చి చూపించింది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్. "ఇవన్నీ నీడ్ బ్లైండ్ కాలేజీలు సార్. డబ్బుల్లేవని ఎవర్నీ పక్కన పెట్టరంట. అందుకే వీటికి మాత్రమే పెడతా" అంది. పక్కనే వాళ్ల నాన్న కూర్చున్నాడు, ఆటో నడుపుతాడు. లిస్టులో తప్పేం లేదు. ఆ కాలేజీలన్నీ విదేశీ పిల్లల విషయంలో కూడా డబ్బు సంగతి చూడకుండానే సీటు ఇస్తాయి. నాకు మాత్రం ఆ లిస్టు చూడగానే టెన్షన్ పట్టుకుంది.

ముందు లెక్క చూద్దాం. ఇలాంటి ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 85 వేల నుంచి 95 వేల డాలర్లు. మన డబ్బులో సుమారు 75 లక్షలు, నాలుగేళ్లకు 3 కోట్లు. పొలం అమ్మినా, ఇల్లు తాకట్టు పెట్టినా తీరేది కాదు. కాబట్టి ఆటో నడిపే ఇంటి పిల్లకు సీటు రావడం సగం పనే. కాలేజీ తన సొంత నిధుల్లోంచి దాదాపు మొత్తం ఖర్చు పెట్టుకోవాలి. అమెరికా ప్రభుత్వ సాయం విదేశీయులకు రాదు. అక్కడి పేద పిల్లలను ఫుల్ స్కాలర్‌షిప్‌తో కాలేజీలకు చేర్చే క్వెస్ట్‌బ్రిడ్జ్ మ్యాచ్ అనే పథకం కూడా ఇక్కడ ఇంటర్ చదివే మన పిల్లలకు వర్తించదు.

ఇక రెండు మాటల సంగతి. మీరు సాయం అడిగారా లేదా అన్నది అప్లికేషన్ చదివేవాళ్లు లెక్కలోకి తీసుకోకపోతే అది నీడ్ బ్లైండ్. తీసుకుంటే నీడ్ అవేర్. ఈ రెండూ సీటు ఇచ్చే ముందు జరిగే సంగతులు. సీటు ఇచ్చాక మీకు కావలసినంత సాయం మొత్తం ఇస్తారా అన్నది వేరే ప్రశ్న. ఇస్తే దాన్ని ఫుల్ నీడ్ అంటారు. మన పిల్లలు మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే మూడోదే అసలుది.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా కాలేజీలు తమది నీడ్ బ్లైండ్ అని వెబ్‌సైట్లో గొప్పగా రాసుకుంటాయి, అది అమెరికా పిల్లలకు మాత్రమే. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్ లాంటివి మన విషయానికొచ్చేసరికి నీడ్ అవేరే. విదేశీ పిల్లలకూ నీడ్ బ్లైండ్ అయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డార్ట్‌మత్, బోడిన్ 2022లో ఈ జాబితాలోకి వచ్చాయి, బ్రౌన్ 2025లో చేరిన బ్యాచ్ నుంచి.

ఈ నీడ్ బ్లైండ్ కాలేజీల మంచి గురించి అనుమానమేం లేదు. సీటు వస్తే డబ్బు గురించి మళ్లీ ఆలోచించే పని ఉండదు. హార్వర్డ్ 2025-26 నుంచి ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు అన్నీ ఉచితం అంది. మన లెక్కలో లక్ష డాలర్లంటే 85 లక్షల పైమాటే, అంటే మన ఊళ్లో డాక్టరుగారి పిల్లలు కూడా అందులోకే వస్తారు! కానీ ఆ మాట ప్రపంచమంతా విన్నదే. ఘనా నుంచి, వియత్నాం నుంచి, నేపాల్ నుంచి, ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి డబ్బు లేని తెలివైన పిల్లలంతా ఈ పది కాలేజీల గుమ్మం ముందే నిలబడతారు. హార్వర్డ్‌లో నూటికి ఓ నలుగురికే సీటు వస్తుంది. ఎంఐటీలో విదేశీ పిల్లలు మొత్తం పదో వంతు దగ్గరే ఉంటారు, వాళ్లలో ఒలింపియాడ్ మెడల్ ఉన్నవాళ్లకు కొదవ లేదు. గుమ్మం దగ్గర జేబు తడిమి చూడరు, నిజమే. గుమ్మం మాత్రం చాలా ఇరుకు.

అందుకే నాకు రెండో రకం మీద నమ్మకం ఎక్కువ. నీడ్ అవేరే అయినా, సీటు ఇచ్చారంటే మాత్రం ఫుల్ నీడ్ ఇచ్చే కాలేజీలు ఉన్నాయి: విలియమ్స్, స్వార్త్‌మోర్, పమోనా, వాసర్, వెస్లియన్, మకాలెస్టర్. వీటిలో చాలావాటి పేర్లు మన ఇళ్లలో ఎవరూ విని ఉండరు. ఒక్కోదాంట్లో రెండు, మూడు వేలమందే చదువుతారు. చుట్టాలకు చెబితే "అదేం కాలేజీ?" అంటారు. మకాలెస్టర్ మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్‌లో ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఘనా దేశస్థుడు కోఫీ అన్నన్ 1961లో డిగ్రీ తీసుకున్నది అక్కడే. విలియమ్స్ 2022 నుంచి ఇచ్చే సాయంలో అప్పు లేదు, క్యాంపస్ పని చేసి కట్టాల్సిన వాటా కూడా లేదు.

ఇక్కడ లోపల జరిగేది ఇది. విదేశీ పిల్లల సాయానికని కాలేజీ ఏటా కొంత డబ్బు పక్కన పెడుతుంది. ఆ డబ్బుతో ఎంతమందిని తీసుకోగలమో అంతమందినే తీసుకుంటుంది. మొత్తం ఖర్చు అడిగేవాళ్లకు ఉండే సీట్లు కొన్నే, ఇది దాచాల్సిన సంగతి కాదు. కొంతమంది ఇక్కడ తెలివి ప్రదర్శిస్తారు: కొంచెం కడతామని రాస్తే అవకాశం పెరుగుతుందేమో అని. ఏడాదికి లక్ష రూపాయలు కడతామన్నా అది వెయ్యి చిల్లర డాలర్లే. 90 వేల ఖర్చులో అది కనపడదు కూడా, ఇంట్లో మాత్రం ఆ లక్షే కొండంత. ఉన్నది ఉన్నట్టు రాయడమే మేలు. పోటీ చూస్తే, హార్వర్డ్ గుమ్మం ముందున్నంత జనం ఇక్కడ ఉండరు. పైగా చిన్న కాలేజీకి ఒక తండా నుంచో, సముద్రం పక్క పల్లె నుంచో వచ్చే పిల్ల నిజంగానే కొత్త. వ్యాసాల్ని కూడా తీరిగ్గా చదువుతారు.

2022లో బిహార్‌లో ఒక కూలీ కొడుకుకు మొత్తం ఖర్చు ఇచ్చి పిలిచింది పెన్సిల్వేనియాలోని లాఫయెట్ కాలేజీ. అది నీడ్ అవేర్ కాలేజీయే. అప్పుడు పేపర్లన్నీ రెండున్నర కోట్ల స్కాలర్‌షిప్ అని రాశాయి. ఎలాంటి కాలేజీయో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఏ కాలేజీ నిజంగా ఇస్తుందో చూసుకోవడానికి ఒక దారి ఉంది, కన్సల్టెన్సీకి డబ్బు కట్టక్కర్లేదు. కాలేజీలు తమ అడ్మిషన్ల, సాయం లెక్కలు పెట్టే పత్రం పేరు కామన్ డేటా సెట్. గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన ఆ మాట కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో హెచ్6 అనే భాగంలో విదేశీ పిల్లల్లో ఎంతమందికి సాయం ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అని ఉంటుంది. సగటు 70 వేల డాలర్లు దాటితే అక్కడ మీకు చోటుంది. 20 వేల దగ్గర ఉంటే ఆ కాలేజీ మీకోసం కాదు. సంఖ్య చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అది నాలుగేళ్ల పిల్లలందరినీ కలిపిన లెక్క.

ఆ 20 వేల డాలర్ల రకమే మన దగ్గర ఫ్లెక్సీలు కట్టించేది. "అమెరికా యూనివర్సిటీ నుంచి 70 లక్షల స్కాలర్‌షిప్" అని ఫొటో వేస్తారు. నాలుగేళ్లకు కలిపిన అంకె అది. మొత్తం ఖర్చు 60 వేలైతే మిగతా 40 వేల డాలర్లు ఏటా మీరే కట్టాలి, అంటే 34 లక్షలు. కొంచెం కలిగినవాళ్లకు అది మంచి బేరమే కావచ్చు. మన లెక్కలో దాని పేరు స్కాలర్‌షిప్ కాదు, డిస్కౌంట్. కాలిఫోర్నియా యూనివర్సిటీ లాంటి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల వైపు కూడా చూడొద్దు. అవసరాన్నిబట్టి ఇచ్చే సాయం అక్కడ విదేశీ పిల్లలకు లేదు.

నిజంగా ఆదుకునే ప్రత్యేక నిధులు రెండు మూడున్నాయి. కార్నెల్‌లో టాటా స్కాలర్‌షిప్ ఇండియా పిల్లల కోసమే, ఏ సమయంలో చూసినా ఇరవైమంది దాకా దానితో చదువుతుంటారు. డ్యూక్‌లో కార్ష్ స్కాలర్‌షిప్ ఉంది. కెంటకీలో బెరియా కాలేజీ అయితే వేరే తరహా: 1855 నుంచి ఉంది, ట్యూషన్ ఫీజే లేదు, చదివే ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు కాలేజీలో పని చేయాలి. పనంటే మొహమాటపడని పిల్లలకు అది చాలా మంచి చోటు, లిస్టులో కచ్చితంగా ఉండాలి.

ఇక అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలన్న గొడవ. చాలావాటికి నవంబర్ మొదటి సగంలో ఎర్లీ, అంటే ముందస్తు గడువు, జనవరి మొదటి వారం దగ్గర్లో రెగ్యులర్. ఎర్లీ డెసిషన్ అంటే ఒక్క కాలేజీకే పెట్టి, వస్తే చేరతామని అమ్మానాన్నలతో సహా సంతకం పెట్టడం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌ల ఎర్లీలో ఆ కట్టుబాటు లేదు, కాకపోతే వేరే ప్రైవేటు కాలేజీలకు ఎర్లీ పెట్టకూడదు. చాలామంది పిల్లలు ఆ ఒక్క ఎర్లీని హార్వర్డ్ మీద ఖర్చు పెట్టేస్తారు. నేనైతే పెట్టను. నీడ్ అవేర్ కాలేజీలో డిసెంబర్ నాటికి సాయం డబ్బు ఇంకా నిండుగా ఉంటుంది, చేరతానని మాటిచ్చిన పిల్లంటే కాలేజీకి కూడా ఇష్టమే. ఫుల్ నీడ్ ఇచ్చే చిన్న కాలేజీకి ఎర్లీ డెసిషన్ పెట్టడం డబ్బు లేనివాళ్ల చేతిలో ఉన్న మంచి పాచిక. ఇచ్చిన సాయం సరిపోక చేరలేకపోతే, ఆ కారణం చెప్పి తప్పుకోవచ్చు.

అప్లికేషన్లు పెట్టేటప్పుడే ఖర్చులు మొదలవుతాయి. అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్షకు ఇక్కడినుంచి వంద డాలర్లు దాటుతుంది. ఆదాయం వివరాలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. పది కాలేజీలంటే 169 డాలర్లు, 14 వేల రూపాయలు దాటింది. ఫీజు కట్టలేమని కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. కొన్ని కాలేజీలు మినహాయింపు కోడ్ ఇస్తాయి, కొన్ని వేరే ఫారం పంపుతాయి. అడగడానికి సిగ్గుపడి ఆగిపోయిన పిల్లల్ని చూశాను.

కాగితాల దగ్గర మనకు మాత్రమే ఉన్న తలనొప్పి ఒకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం మీసేవలో తీసుకున్న ఆదాయ సర్టిఫికెట్ మీద 60 వేలని ఉంటుంది. సీఎస్ఎస్ ఏమో తిండికెంత, అద్దెకెంత, పొలం ఎంత, బండి ఉందా అని అడుగుతుంది. ఖర్చులు లక్షా ఎనభై వేలని రాస్తే ఆదాయం 60 వేలెలా అని వాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. ఆటో మీద రోజుకెంత వస్తుంది, డీజిల్‌కెంత పోతుంది, ఫైనాన్స్ కిస్తీ ఎంత అని నాన్నతో ఒక తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించి జతచేయండి. కౌన్సెలర్ లేఖ ఇంకో ఇబ్బంది. మన ఇంటర్ కాలేజీల్లో కౌన్సెలరే ఉండడు, ప్రిన్సిపాల్ రాయాలి, ఆయన్ని ఆగస్టులోనే పట్టుకోవాలి.

ఇదంతా చేస్తూ జేఈఈ ఎలా? రెగ్యులర్ గడువు జనవరి మొదటి వారం, జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరి చివర్లో. ఇది నిజమైన బేరీజు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, లక్ష లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. బీటెక్ అయ్యాక అమెరికాలో పీహెచ్‌డీకి సీటొస్తే చాలాచోట్ల ఫీజు కాలేజీయే పెట్టుకుని నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తుంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకున్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా పీజీ చదువులకే, డిగ్రీకి కాదు. లెక్కల్లో, ఫిజిక్స్‌లో గట్టి పిల్లలకు ముందు ఐఐటీ, తర్వాత అమెరికా పైచదువు అనే ఈ దారి అమెరికా డిగ్రీకంటే నమ్మకమైనదని నా అభిప్రాయం. ఆర్థికశాస్త్రం, చరిత్ర, జీవశాస్త్రం ఇష్టపడే పిల్లలకు మాత్రం ఆ చిన్న కాలేజీలే మేలు.

చివరికి ఆ అమ్మాయి లిస్టులో నీడ్ బ్లైండ్‌వి మూడే ఉంచాం. ఫుల్ నీడ్ ఇచ్చే చిన్న కాలేజీలు ఐదు, వాటితోపాటు బెరియా చేరాయి. ఎర్లీకి పెట్టేది ఆ ఐదింట్లో ఒకటి. అంతా విన్నాక వాళ్ల నాన్న ఒక్కటే అడిగాడు.

"నవంబర్‌ల అది పెడితే, జనవరిల జేఈఈ రాయొద్దా సార్?"

"రాయొచ్చండీ."

"అయితే రెండూ రాస్తది" అని ఆటో తాళాలు తీసుకుని లేచాడు.