అర లీటరు సీసా, 45 కిలోల బస్తా: నానో యూరియా వాడి చూసిన తరువాత

కర్నూలు-కడప కాలువ కింద మాకున్న రెండెకరాల వరిలో ఒక ఖరీఫ్‌లో సీసాలో అమ్మే ద్రవరూప యూరియా, అంటే నానో యూరియా వాడాను. కోరి కొన్నది కాదు. యూరియా బస్తాలకు వెళ్తే, సీసా కూడా తీసుకుంటేనే బస్తాలిస్తామని అంగడిలో మెలిక పెట్టారు. ఎలాగూ ఇంటికి చేరింది గనుక, ఒక ఎకరాలో మామూలు పద్ధతినే పాటించి, రెండో ఎకరాలో వెన్ను ఏర్పడే చిరుపొట్ట దశలో వేయవలసిన బస్తాను మాని దానికి బదులు ఈ ద్రవాన్ని పిచికారీ చేయించాను.

నేను కొన్న 500 మి.లీ. సీసా 225 రూపాయలు. రాయితీ పోను 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ధరలో సీసాదే పైచేయిగా కనిపిస్తుంది. అయితే లీటరు నీటికి 4 మి.లీ. చొప్పున ఎకరాకు 125 లీటర్లు, అంటే 16 లీటర్ల స్ప్రేయరుతో దాదాపు ఎనిమిది ట్యాంకులు కొట్టాలి. మోకాలి లోతు బురదలో ఆ బరువు మోసినందుకు ఇచ్చిన కూలి సీసా ధరను మించిపోయింది. బస్తా అయితే ఒక మనిషి గంటలో చల్లి గట్టెక్కుతాడు.

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఇందులోని కణాలు 20 నుంచి 50 నానోమీటర్లే ఉంటాయని, పత్రరంధ్రాల గుండా నేరుగా ఆకులోకి వెళ్తాయని తయారీదారులు చెబుతారు. మడిలో చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలవడమో, నీటితోపాటు వేరుకు అందని లోతుకు ఇంకిపోవడమో జరుగుతుంది గనుక, ఆకుకే అందించాలన్న ఆలోచనను తప్పుపట్టలేము.

పేచీ లెక్క దగ్గరే వస్తుంది. యూరియా పైరుకు అందించే పోషకం నత్రజని. బస్తాలో అది 46 శాతం, అంటే 20.7 కిలోలు. 4 శాతం నత్రజని ఉన్న ఈ సీసాలో 20 గ్రాములు. బస్తాలో మూడింట ఒక వంతే పైరుకు దక్కిందనుకున్నా దాదాపు 7 కిలోలు అందుతుంది. సీసాలో చుక్క కూడా వృథా కాకపోయినా 20 గ్రాములకు మించదు. ఒక సీసా ఒక బస్తాకు సమానమని అంగడిలో చెప్పిన మాట ఏ విధంగా సరిపోతుందో నాకు అంతుబట్టలేదు. నత్రజని శాతం పెంచిన రకం తరువాత వచ్చింది గాని, ఈ అంతరాన్ని అది కూడా పూడ్చలేదు.

కొట్టిన నాలుగో రోజుకు ఆకు పచ్చబడింది. ముసురు విడిచి ఎండ కాసిందీ ఆ వారమే కనుక, ఆ ఘనత దేనిదో తేల్చలేను. కోతల్లో మాత్రం బస్తా వేసిన ఎకరాలో 75 కిలోల సంచులు 32, సీసా కొట్టిన ఎకరాలో 29 వచ్చాయి. ఒక్క పొలం, ఒక్క పంటతో తీర్పు చెప్పకూడదన్నది నిజమే. అయినా పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లోనూ నానో యూరియాతో వరి, గోధుమ దిగుబడులు తగ్గినట్టే తేలింది.

బస్తా చల్లడానికి వీల్లేకుండా మడిలో నీళ్లు నిలిచి, పైరు పాలిపోయినప్పుడు పైపాటుగా దీనిని కొట్టవచ్చునంటారు. ఆ పనికి పాత పద్ధతి ఉండనే ఉంది. అదే 125 లీటర్ల నీటిలో 2 శాతం మామూలు యూరియా కలపాలంటే రెండున్నర కిలోలు చాలు. అందులో నత్రజని కిలోకు పైగా ఉంటుంది, ఖర్చు 15 రూపాయలు.