హన్మకొండలో బయాప్సీ ఇచ్చాం: రేటు తక్కువే, రిపోర్టే సగం

మా పెద్దబాపు ఊపిరితిత్తుల బయాప్సీ ముక్కను హన్మకొండలోనే ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఇచ్చాం. పేరు రాయట్లేదు. మూడు స్టార్లు. మర్యాదగా మాట్లాడారు, చెప్పిన రోజుకే రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది, హైదరాబాద్ కంటే రేటు తక్కువే. కానీ తీరా తెరిచి చూస్తే ఒక్కటే లైను, "నాన్ స్మాల్ సెల్ కార్సినోమా". అంతే.

అది చూసి క్యాన్సర్ డాక్టర్ పెదవి విరిచారు. స్మాల్ సెల్ కాదన్నంత వరకు నయమే, స్మాల్ సెల్ అయితే చాలా స్పీడుగా పాకుతుంది, బయటపడేసరికే వేరే చోట్లకు వెళ్లి ఉంటుంది, ఆపరేషన్ కుదిరేది అరుదు. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి వచ్చేది ఈ నాన్ స్మాల్ సెల్లే, అందులో మళ్లీ అడినో, స్క్వామస్, లార్జ్ సెల్ అని రకాలు ఉన్నాయి, ఏదో తేల్చకుండా మందు ఎట్లా రాస్తారు? ముదిరిన అడినో అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జీన్ టెస్టులు చేయిస్తారు, తేడా దొరికితే కీమో బదులు మాత్రలతోనే మొదలుపెట్టొచ్చు. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు అడినోకి వాడతారు, స్క్వామస్‌కి పనికిరాదు. బీడీ, సిగరెట్ ముట్టనివాళ్లకి వచ్చేది ఎక్కువగా అడినోనే, అదీ ఊపిరితిత్తి అంచుల్లో. స్క్వామస్ పెద్ద గాలి గొట్టాల దగ్గర మొదలవుతుంది, పొగ తాగేవాళ్లలో ఎక్కువ. పెద్దబాపుకి వయసులో ఉన్నప్పటి నుంచీ బీడీలే, గళ్లలో రక్తం జీర కూడా పడింది, కాబట్టి స్క్వామస్ అని డాక్టర్‌కి అనుమానం ఉంది, కానీ అనుమానం మీద కీమో ఎక్కించరు కదా.

తేల్చేది ఐహెచ్‌సీ టెస్టు, అంటే ముక్కకు ప్రత్యేకమైన రంగులు పట్టించి ఏ రకం క్యాన్సరో చూడటం. కౌంటర్‌లో అడిగితే "ముందే చెప్పాల్సింది అన్నా, ఇక్కడ చేయరు" అన్నాడు. మాకేం తెలుస్తుంది, అది చెప్పాల్సింది మీరు! పోనీ పారఫిన్ బ్లాక్, అంటే ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ, ఇవ్వమంటే రేపు, మాపు అని తిప్పారు. చివరికి లోపలున్న పాథాలజీ మేడమ్ బయటికొచ్చి, బ్లాక్, స్లైడ్లు తనే సర్ది ఇచ్చారు, మూడో స్టార్ ఆమెదే. హైదరాబాద్ పంపితే, ఆ టెస్టులో చూసే ప్రోటీన్లలో పీ40 పాజిటివ్, టీటీఎఫ్-1 నెగెటివ్ వచ్చింది, అంటే స్క్వామస్.

ఇక్కడ ఇచ్చేవాళ్లు బిల్లు కట్టకముందే ఐహెచ్‌సీ చేస్తారా, బ్లాక్ ఎప్పుడిస్తారు అని అడగండి. ముక్క బియ్యపు గింజంత కూడా ఉండదు, అనవసరంగా కోసి అయిపోగొడితే మళ్లీ సూది పొడిపించుకోవాలి. ఇంకోటి, లిఫ్ట్ లేదు, దమ్ము వచ్చేవాళ్లని కిందే కూర్చోబెట్టి మీరు పైకెళ్లండి.