మా ముంగిట కాంకలర్ ఫర్: పదమూడేళ్ల అనుభవం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారున ఉన్న మా ఇంటి ముందు 2012 సెప్టెంబరులో నేను నాటిన కాంకలర్ ఫర్ (సూదుల్లాంటి వెండి రంగు ఆకులుండే చెట్టు) ఇప్పుడు 18 అడుగుల ఎత్తుకు ఎదిగింది. నాటిననాడు అది 5 అడుగుల మొక్క. ముంగిలి అంతటికీ చూపు నిలిచే చెట్టు ఒక్కటే ఉండాలని, అది మంచు కాలంలో కూడా వెలవెలబోకూడదని కోరుకున్నాను. ఈ చెట్టు ఆ కోరిక తీర్చింది. అయితే అది అడిగే ఓపికను, చోటును గురించి అమ్మేవారు చెప్పేది చాలా తక్కువ కనుక వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు మా ముంగిలి మధ్యలో, కాస్త పల్లంగా ఉన్న చోట పాత యజమానులు వేసిన కొలరాడో బ్లూ స్ప్రూస్ ఉండేది. పొడి గాలి వీచే రాకీ పర్వతాల చెట్టు అది. మా వేసవి తేమలో దానికి రైజోస్ఫేరా అనే శిలీంధ్రం పట్టింది. రోగం కింది కొమ్మల నుంచి మొదలై పైకి పాకుతుంది. రెండో ఏటి సూదులు ఊదా గోధుమ రంగుకు మారి రాలిపోతాయి. ఒక సూదిని భూతద్దం కింద పెట్టి చూస్తే, తెల్లని చుక్కల వరుసలుగా కనిపించాల్సిన పత్రరంధ్రాల్లో నల్లని చుక్కలు తేలి ఉన్నాయి. కింద సగం బోసిపోయాక దాన్ని తీయించక తప్పలేదు. మా ప్రాంతంలో వెండి ఛాయ కావాలనుకునేవారు బ్లూ స్ప్రూస్‌కు బదులు కాంకలర్ ఫర్‌ను చూడాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కాంకలర్ అంటే లాటిన్‌లో ఒకే రంగు గలదని అర్థం. సూదికి రెండు వైపులా ఒకే వెండి నీలం ఉంటుంది. స్ప్రూస్ సూదులు నాలుగు పలకలుగా ఉండి చేతికి గుచ్చుకుంటాయి. వీటివి చదునుగా, మెత్తగా, రెండు మూడు అంగుళాల పొడవుతో పైకి వంపు తిరిగి ఉంటాయి. ఒక సూదిని నలిపితే దబ్బాకు వాసన వస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడల్లా రెండు సూదులు తుంచి, నలిపి, వాసన చూసి గానీ లోపలికి రాదు.

ఆ వెండి రంగు సూది లోపలిది కాదు. బూడిద గుమ్మడికాయ మీద పొడిలా అంటుకొని ఉండే పొర వంటిదే ఇక్కడా ఉంటుంది. అది సన్నని మైనం. వేలితో గట్టిగా రుద్దితే పోయి, అడుగున ఆకుపచ్చ బయటపడుతుంది. 2017 వసంతంలో పచ్చిక మందులు కొట్టడానికి వచ్చిన ఒక పనివాడు నన్ను అడగకుండానే పురుగులు రాకుండా అంటూ ఈ చెట్టుకు కూడా నూనె మందు కొట్టాడు. వారం తిరిగేసరికి వీధి వైపు కొమ్మలన్నీ మామూలు పచ్చగా మారిపోయాయి. పోయిన మైనం పాత సూదులకు తిరిగి రాలేదు. మే నెలలో వచ్చిన కొత్త చిగురు మాత్రమే వెండిగా వచ్చింది. ఫర్ సూదులు ఏళ్ల తరబడి కొమ్మను అంటిపెట్టుకొనే ఉంటాయి కాబట్టి ఆ పచ్చ మచ్చ కొత్త పెరుగుదల వెనక్కు పూర్తిగా మరుగుపడేసరికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. అప్పటి నుంచి ఎవరు మందు కొట్టడానికి వచ్చినా ముందు నేను ఆ చెట్టు దగ్గర నిలబడతాను.

నాటడమే అసలైన పని. మాది బంకమట్టి నేల. ఈ చెట్టు ఎండను ఓర్చుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే బతకదు. పాత చెట్టు ఉన్న పల్లంలోనే పెడదామనుకుంటుండగా, ఆ వేసవిలో మా దగ్గరున్న నాన్నగారు "బరువంతా నైరుతిలో ఉండాలిరా, అక్కడ నేల కూడా మెరక" అన్నారు. మా ఇల్లు పడమటి ముఖం కావడంతో నైరుతి మూల ముంగిట్లోనే వచ్చింది, వాననీరు కూడా అక్కడి నుంచి పల్లానికి జారిపోతుంది. గోనె గుడ్డ చుట్టి, తీగ బుట్టలో పెట్టి ఇచ్చిన మట్టిగడ్డ మీద నాలుగు అంగుళాల మట్టి ఎక్కువగా పేరుకొని ఉంది. దాన్ని చేత్తో గీకితే గానీ కాండం వేళ్లుగా విప్పారే చోటు కనబడలేదు. ఆ చోటు నేలమట్టానికి మూడు అంగుళాలు పైన ఉండేలా నాటి, చుట్టూ వాలుగా మట్టి పోశాను. మొక్క పెట్టగానే పాదు తీయడం మనకు అలవాటు. బంకమట్టిలో ఆ పాదే తొట్టిలా నీటిని పట్టి వేళ్లను కుళ్లిస్తుంది. చెక్క పేళ్లు పరిచాను, కాండానికి మాత్రం ఆననివ్వలేదు. మొదటి రెండేళ్లు వానలేని వారాల్లో, నేల గడ్డకట్టేవరకూ నెమ్మదిగా నీళ్లు పెట్టాను.

మొదటి మూడేళ్లు ఏడాదికి మూడు నాలుగు అంగుళాలకు మించి పెరగలేదు, బతుకుతుందో లేదోనని దిగులుపడ్డాను. అయితే 2014 జనవరిలో ధ్రువపు చలి దిగి మా ఊరు సెల్సియస్ లెక్కన సున్నాకు 20 డిగ్రీల కిందకు పోయినప్పుడు ఒక్క సూది కూడా మాడలేదు. నాలుగో ఏటి నుంచి ఏడాదికి సగటున అడుగుకు కాస్త పైగా సాగుతోంది. దెబ్బ తిన్నది 2020 మే రెండో వారంలో: చిగురు విప్పుకున్నాక పడిన మంచుకు లేత కొసలన్నీ వాడి, గోధుమ రంగు కుచ్చుల్లా వేలాడాయి. వాటిని నేను కత్తిరించలేదు. మరుసటి ఏడు పక్క మొగ్గలు ఆ లోటు పూడ్చాయి. శరదృతువులో మగ జింకలు కొమ్ములు రుద్దకుండా కాండం చుట్టూ తీగ వల కడతాను.

చూపు నిలవాలంటే వెనుక ముదురు రంగు ఉండాలి. చెట్టుకూ ఇటుక గోడకూ మధ్య ముదురాకుపచ్చ యూ పొదల వరుస వేశాను, ముందు పచ్చిక తప్ప ఏమీ పెట్టలేదు. సాయంకాలం వీధిలో నిలబడి చూస్తే పడమటి ఎండ నేరుగా దాని మీద పడుతుంది, చెట్టు మొత్తం తోమిన వెండి చెంబులా మెరుస్తుంది. అడుగు కొమ్మలు నేలను తాకుతుంటేనే ఆ నిండుదనం. పచ్చిక కోయడానికి అడ్డమని వాటిని నరికితే మళ్లీ రావు.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు విత్తనాలు పంపమన్నాడు. మన మైదానాల వేడిలో ఇది నిలవదు, దీనికి గట్టి చలికాలం కావాలి. పైగా మా చెట్టు ఇంకా కాయ పట్టలేదు. అడవిలో ఈ జాతి సుమారు 40 ఏళ్లకు గానీ కాపుకు రాదు.

నేను చేసిన తప్పు ఒకటే, కారు దారికి 12 అడుగుల దూరంలో పెట్టడం. తోటల్లో ఇది 30 నుంచి 50 అడుగుల ఎత్తు, 15 నుంచి 30 అడుగుల వెడల్పు వరకు పెరుగుతుంది. ఇప్పటికే ఆ వైపు కొమ్మ కొసలకూ దారికీ మధ్య ఏడడుగులే మిగిలింది. మళ్లీ నాటితే 25 అడుగులు వదులుతాను. దారికి కొత్తగా కాంక్రీటు వేయించాల్సిన సమయం రానుంది. అప్పుడు దారినే ఉత్తరానికి జరిపిస్తాను గానీ కొమ్మను ముట్టనివ్వను.